టేకు దుంగల నుంచి ల్యాప్‌టాప్‌ల దాకా: చియాంగ్ మాయ్‌లో పరదేశుల కొలువులు

ఉత్తర థాయ్‌లాండ్‌లో పింగ్ నది ఒడ్డున, దోయ్ సుతేప్ కొండ పాదాన ఉన్న చియాంగ్ మాయ్ 2010ల నడుమకల్లా డిజిటల్ నొమాడ్ల రాజధానిగా పేరు తెచ్చుకుంది. డబ్బు ఇచ్చేవాళ్లు ఒక దేశంలో ఉంటే, తాము మరో దేశంలో గది అద్దెకు తీసుకుని, ల్యాప్‌టాప్ మీదే పని చేసి పంపేవాళ్లను ఆ పేరుతో పిలుస్తారు. నిజానికి పరదేశులు పని మీద రావడం ఈ ఊరికి కొత్త కాదు. బిడారు వర్తకులు, టేకు కంపెనీల దొరలు, మిషనరీ డాక్టర్లు తలా ఒక కాలంలో వచ్చి మకాం పెట్టారు. వాళ్లందరి పనీ ఇక్కడి నేలతోనో, ఇక్కడి మనుషులతోనో ముడిపడి ఉండేది. 2010 తర్వాత వచ్చినవాళ్ల పనికి మాత్రం ఊరితో ఏ లంకే లేదు. నగర చరిత్రలో అసలు మలుపు అదే. థాయ్ చట్టం దశాబ్దానికి పైగా తేల్చుకోలేకపోయిన చిక్కు కూడా అదే.

లాన్నా రాజ్యానికి రాజధానిగా మంగ్‌రాయ్ రాజు 1296లో ఈ నగరాన్ని కట్టించాడు. ఒక్కో వైపు మైలు దాకా ఉండే చదరపు అగడ్త, కోట గోడల మిగులు ఇప్పటికీ పాత ఊరి చుట్టూ కనిపిస్తాయి. 1558లో బర్మా రాజు బయిన్నౌంగ్ దీన్ని పట్టుకున్నాడు. ఆపైన రెండు శతాబ్దాలకు పైగా బర్మా పెత్తనం సాగింది. 1770లలో సయాం (నేటి థాయ్‌లాండ్) సేనలు బర్మావాళ్లను తరిమే యుద్ధాల్లో ఊరు పూర్తిగా పాడుబడింది, కొన్నేళ్లు మనిషి మసలని చోటైంది. 1796లో కావిల ప్రభువు తిరిగి అడుగుపెట్టినప్పుడు ఆయనకు కావలసింది కట్టడాల కన్నా ముందు జనం. షాన్, ఖోన్, లూ తెగల ఊళ్లకు ఊళ్లనే సాల్వీన్ లోయ నుంచి, ఉత్తరాది కొండల నుంచి తరలించి తెచ్చి ఇక్కడ నిలిపాడు. నేటికీ వెండి పనికి పేరున్న వువాలాయ్ వీధి కంసాలులు అలా వచ్చినవాళ్ల వారసులే. ఇవాళ స్థానికులుగా లెక్కపడేవాళ్లలో ఎంతోమంది తాతముత్తాతలు ఇలా వేరే చోటి నుంచి, చాలామంది తమ ఇష్టంతో పనిలేకుండా వచ్చినవాళ్లే.

తమ ఇష్టంతో వచ్చినవాళ్లలో ముందువరసలో ఉండేది చైనాలోని యున్నాన్ ముస్లిం వర్తకులు. వీళ్లను ఇక్కడ హో అంటారు. వానలు వెనకపట్టాక కంచరగాడిదల బిడారులతో కొండలు దాటి దిగేవాళ్లు, పత్తి కొనుక్కుని మళ్లీ వానలకు ముందే ఇంటిదారి పట్టేవాళ్లు. కొందరు పింగ్ నదికి దగ్గర్లో స్థిరపడి మసీదు కట్టుకున్నారు. కొబ్బరిపాల పులుసులో గుడ్డు నూడుల్స్ వేసి, పైన కరకరలాడే వేపుడు నూడుల్స్ చల్లి ఇచ్చే ఖావ్ సోయ్ ఈ ఊరి వంటల్లో తలమానికం. దాని మూలాలను ఈ బిడారు జనంతోనే ముడిపెడతారు.

పంతొమ్మిదో శతాబ్దంలో కథంతా టేకు చుట్టూ తిరిగింది. మొదటి ఆంగ్లో బర్మా యుద్ధం ముగిసిన 1826లో సాల్వీన్ ముఖద్వారంలోని మౌల్మీన్ బ్రిటిష్‌వాళ్ల చేతికొచ్చింది. అక్కడి కలప డిపోలకు దుంగలు కావాలి, దుంగలు చియాంగ్ మాయ్ ప్రభువుల అడవుల్లో ఉన్నాయి. బ్రిటిష్ ప్రజలుగా నమోదైన బర్మా, షాన్ వర్తకులు ప్రభువుల దగ్గర అడవులు కౌలుకు తీసుకునేవాళ్లు. ఒకే అడవిని ఇద్దరికి కౌలుకివ్వడం, అడవిలో దొంగలు పడి దుంగలు ఎత్తుకెళ్లడం మామూలైపోయి, తగాదాలు బ్యాంకాక్‌లోని బ్రిటిష్ కాన్సులు బల్ల మీదికి చేరాయి. ఆ పేచీలను తీర్చడానికి 1874లో సయాంకూ భారత ప్రభుత్వానికీ మధ్య ఒడంబడిక కుదిరింది. దాని పేరు చియాంగ్ మాయ్ ఒప్పందం, సంతకాలు జరిగింది కలకత్తాలో. సాల్వీన్ ఒడ్డున కాపలా ఠాణాలు పెట్టడం, సరిహద్దు దాటేవాళ్లు పాస్‌పోర్టు వెంట ఉంచుకోవడం, ఆ పాస్‌పోర్టున్న బ్రిటిష్ ఇండియా ప్రజల తగాదాలను చియాంగ్ మాయ్ న్యాయాధికారులు విచారించడం అందులోని ఏర్పాట్లు. 1883లో రెండో ఒప్పందం కుదిరింది, మరుసటేడు బ్రిటిష్ వైస్ కాన్సులు చియాంగ్ మాయ్‌లోనే కొలువు తీరాడు. పరదేశి ఏ కాగితంతో వచ్చాడు, ఏ పని చేస్తున్నాడు, ఎవరి చట్టం కిందికి వస్తాడు అన్న మూడు ప్రశ్నలూ ఈ ఊళ్లో అంత పాతవి.

1880ల నుంచి పెద్ద కంపెనీలు దిగాయి. బోర్నియో కంపెనీ తరఫున వచ్చినవాడు లూయీ లియోనోవెన్స్, మోంగ్‌కుట్ రాజు కొలువులో పిల్లలకు చదువు చెప్పిన అన్నా లియోనోవెన్స్ కొడుకు. 1863లో బొంబాయిలో పుట్టిన బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్ కూడా వచ్చింది. బర్మా రాజు థీబో ఆ కంపెనీ మీద జరిమానా వేయడాన్ని సాకుగా చూపి 1885లో బ్రిటిష్‌వాళ్లు దండెత్తి రాజ్యం లాక్కున్నారు, రాజును రత్నగిరికి పంపేశారు. 

టేకు పని నిదానంగా సాగేది. కొట్టదలచిన చెట్టు మొదలు చుట్టూ పట్టీలా బెరడు, దాని కింది మెత్తని కలప చెక్కేసి, రెండేళ్ల పాటు నిలువునా ఎండనిచ్చేవాళ్లు. పచ్చి టేకు నీళ్లలో మునుగుతుంది, ఎండితేనే తేలుతుంది. ఎండిన చెట్టును నరికి, దుంగల మీద కంపెనీ ముద్ర కొట్టి, ఏనుగుల చేత వాగు దాకా లాగించేవాళ్లు. వానలకు వాగు పొంగితే దుంగ కదులుతుంది, పొంగకపోతే మరో ఏడాది అక్కడే ఎండుతుంది. పెద్ద నదిలో తెప్పలుగా కట్టాక బ్యాంకాక్ రంపపు మిల్లులకు ప్రయాణం. చెట్టుకు గాటు పెట్టిన రోజు నుంచి మిల్లు చేరేదాకా నాలుగైదేళ్లు పట్టేది. అడవిలో గొడ్డలి పట్టింది ఖ్ము తెగ కూలీలు, అజమాయిషీ చేసింది జ్వరాలకు ఓర్చుకుని బతికిన కొద్దిమంది యూరోపియన్లు. వాళ్లు సాయంత్రాలు కలుసుకోవడానికి 1898లో పెట్టుకున్న జింఖానా క్లబ్బు ఇప్పటికీ నడుస్తోంది.

1896లో సయాం తన అటవీ శాఖను పెట్టినప్పుడు దాని తొలి అధిపతిగా బర్మా అడవుల్లో పనిచేసిన హెర్బర్ట్ స్లేడ్‌నే తెచ్చుకుంది. కౌళ్లిచ్చే అధికారం ప్రభువుల చేతుల్లోంచి బ్యాంకాక్‌కు పోయింది. అంతకు చాలా ముందే, 1867లో, అమెరికన్ మిషనరీ డేనియల్ మెక్‌గిల్వరీ కుటుంబంతో సహా వచ్చి స్థిరపడ్డాడు. మతం సంగతెలా ఉన్నా ఆయన వెంట బడి, ఆస్పత్రి వచ్చాయి. 1918లో ఖున్ తాన్ కొండ కింద సొరంగం పూర్తయి, 1920ల ఆరంభంలో రైలు చేరడంతో బ్యాంకాక్ నుంచి పడవ మీద వారాల తరబడి సాగే ప్రయాణం ఒక్క రోజుకు దిగింది. 1964లో చియాంగ్ మాయ్ విశ్వవిద్యాలయం మొదలైంది. 1988 నవంబరులో దక్షిణాదిన కొండచరియలు, వరదలు ఊళ్లను ముంచెత్తాక, 1989 జనవరిలో ప్రభుత్వం అడవుల్లో కలప నరకడాన్ని దేశమంతటా నిషేధించింది. టేకు చరిత్ర అక్కడితో ముగిసింది. అప్పటికే వీపుకు సంచి తగిలించుకున్న యువ యాత్రికుల కోసం కోట లోపల గెస్ట్‌హౌసులు వెలుస్తున్నాయి.

ఇదే కాలంలో కొండల మీద సద్దు లేకుండా జరిగిన ఒక మార్పు తర్వాతి కథకు ఎంతో ముఖ్యం. నల్లమందు సాగు మాన్పించడానికి భూమిబల్ రాజు 1969లో రాయల్ ప్రాజెక్ట్ మొదలుపెట్టాడు. గసగసాల తోటల స్థానంలో పళ్లు, కూరగాయలతో పాటు అరబికా కాఫీ వేయించారు. నలభై ఏళ్లకు ఆ మొక్కలు ఊళ్లోకి దిగివచ్చాయనాలి. విశ్వవిద్యాలయానికి ఆనుకున్న నిమ్మన్‌హేమిన్ రోడ్డు (వాడుకలో నిమ్మన్) సందుల్లో విద్యార్థులు, డిజైనర్లు, కొండజాతుల యువకులు కాఫీ దుకాణాలు తెరిచారు. అఖా తెగ యువకుడొకరు సొంత ఊరి గింజలతో 2010లో పెట్టిన అఖా అమా వాటిలో పేరున్నది. నొమాడ్లు వచ్చాకే చియాంగ్ మాయ్‌లో కేఫులు పుట్టాయని చాలామంది రాస్తుంటారు, అది తప్పు. కేఫులు ముందే ఉన్నాయి. నీడ, కాఫీ, ప్లగ్ పాయింటు ఉన్న చోటు వెతుక్కుంటూ వాళ్లు వచ్చి చేరారు.

ఆఫీసుకు పోకుండా పని చేయవచ్చన్న ఆలోచన పుట్టింది అమెరికాలో. 1973లో జాక్ నిల్స్ అనే ఇంజినీరు టెలికమ్యూటింగ్ అన్న మాట వాడకంలోకి తెచ్చాడు. 1983లో స్టీవ్ రాబర్ట్స్ పడుకుని తొక్కే సైకిలుకు చిన్న కంప్యూటరు కట్టుకుని ఒహాయో నుంచి బయల్దేరాడు. దారిలో దొరికిన ఫోను లైన్ల మీదుగా వ్యాసాలు పంపి సంపాదించాడు. హిటాచీలో పనిచేసిన త్సుగియో మకిమోటో, డేవిడ్ మ్యానర్స్ 1997లో రాసిన పుస్తకానికి డిజిటల్ నొమాడ్ అనే పేరు పెట్టారు. 2007లో టిమ్ ఫెర్రిస్ రాసిన ఫోర్ అవర్ వర్క్‌వీక్ ఆ ఊహను జేబు లెక్కగా మార్చింది: డాలర్లలో సంపాదించు, చవక దేశంలో ఖర్చుపెట్టు. ఇదే లెక్క హైదరాబాదులో అంతకుముందే తలకిందులుగా నడిచింది. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుంచి పని తానుగా సముద్రాలు దాటి వచ్చింది, అమెరికా డాక్టర్ల మాటలను టైపు చేసే మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ కుర్రాళ్లు ఉన్నచోటే ఉండి రాత్రుళ్లు మేలుకున్నారు. చియాంగ్ మాయ్‌కు మాత్రం పనితో పాటు మనిషే కదిలివచ్చాడు, జీతం స్థాయి మాత్రం పాత దేశానిదే.

2012 చివర్లో థాయ్‌లాండ్ 3జీ స్పెక్ట్రమ్ వేలం వేసింది, మరుసటేడు సేవలు మొదలయ్యాయి. 2013లోనే నిమ్మన్‌లో పన్‌స్పేస్ అనే కో-వర్కింగ్ కేంద్రం తెరుచుకుంది. అదే ఏడు బాలిలోని ఉబుద్‌లో అలాంటి కేంద్రమే హుబుద్ మొదలైంది. చియాంగ్ మాయ్‌కు కలిసొచ్చినవి వేరు. ఎనిమిది పది వేల థాయ్ బాట్లకు మంచం, ఫ్రిజ్, ఏసీ ఉన్న స్టూడియో గది నెలవారీ దొరికేది, ఏడాది ఒప్పందం అడిగేవాళ్లు కాదు. వీధి భోజనం చవక. విమానాశ్రయం ఊళ్లోనే ఉంది. ఎర్రటి సోంగ్‌తేవ్ బండి ఎక్కితే కొద్ది బాట్లకే ఎక్కడికైనా చేరగలిగేవాళ్లు.

2014లో నిమ్మన్ కూడలిలో మాయా మాల్ తెరుచుకుంది. దాని పై అంతస్తులో ఫోను కంపెనీ ఏఐఎస్ నడిపిన క్యాంప్ అనే హాలు ఆ రోజుల రూపాన్ని బాగా పట్టిస్తుంది. యాభై బాట్లకు పానీయం కొంటే రెండు గంటల వైఫై కోడ్ ఇచ్చేవాళ్లు. హాలు రాత్రంతా తెరిచే ఉండేది. మెట్ల వరుసల మీద, పొడవాటి బల్లల దగ్గర పరీక్షలకు చదువుకునే థాయ్ విద్యార్థులు ఒక పక్క, న్యూయార్క్ పగటివేళకు సరిపెట్టుకుని అర్ధరాత్రి పనికి కూర్చున్న విదేశీయులు మరో పక్క. కోడ్ గడువు అయిపోగానే మళ్లీ కౌంటరు దగ్గర వరుస. నిజానికి ఆ హాలు కట్టింది విద్యార్థుల కోసం.

అదే 2014లో డచ్ ప్రోగ్రామర్ పీటర్ లెవెల్స్ నొమాడ్ లిస్ట్ మొదలుపెట్టాడు. నగరాల ఖర్చు, ఇంటర్నెట్ వేగం, వాతావరణం ఎవరైనా నింపగలిగేలా అతను పంచిన ఒక స్ప్రెడ్‌షీటు దాని మొదటి రూపం. చియాంగ్ మాయ్ ఆ జాబితాలో తొలి స్థానానికి ఎక్కింది, ఆ వరుస చూసి వచ్చినవాళ్ల వల్ల అక్కడే నిలబడింది. వచ్చినవాళ్లంతా ప్రోగ్రామర్లు కారు. చైనా సరుకును తాము తాకకుండానే అమెరికా కొనుగోలుదారుకు పంపించే డ్రాప్‌షిప్పింగ్ వ్యాపారులు, గూగుల్ వెతుకులాటలో సైట్లను పైకి తెచ్చేవాళ్లు, అనువాదకులు, ఇంగ్లిష్ టీచర్లు ఎక్కువ. మొదటి ఆరు నెలలు దాచుకున్న డబ్బు మీద బతికి, ఖాతాదారులు దొరక్క తిరుగుదారి పట్టినవాళ్లు కూడా చాలామంది. ఈ జీవితాన్ని పొగిడే రాతల్లో వాళ్లు కనిపించకపోవడం అన్యాయం.

వీళ్లందరినీ థాయ్ చట్టం యాత్రికులుగానే చూసింది. విదేశీయుల ఉపాధి మీద 1978లో వచ్చిన చట్టం, దాని స్థానంలో 2008లో వచ్చిన చట్టం ఒంటి శక్తినో విద్యనో వినియోగించడమంతా పనేనని, కూలి ముట్టినా ముట్టకపోయినా పనేనని నిర్వచించాయి. అక్షరాలా చూస్తే గదిలో కూర్చుని మెయిల్ రాయడమూ దాని కిందికే వస్తుంది. థాయ్ యజమాని లేడు కాబట్టి వర్క్ పర్మిట్ తెచ్చుకునే దారీ లేదు. దాంతో అందరూ టూరిస్టు వీసాల మీదే గడిపారు. అరవై రోజులు, ఇమిగ్రేషన్ ఆఫీసులో 1,900 బాట్లు కడితే మరో ముప్పై. రెండు మూడు ప్రవేశాలున్న వీసా అయితే, గడువు తీరేవేళకు మినీవ్యాన్ ఎక్కి నాలుగు గంటలు ప్రయాణించి ఉత్తర కొసన ఉన్న మే సాయ్ చేరాల్సి వచ్చేది. చిన్న నది మీది వంతెన దాటి, అవతల బర్మా అధికారికి 500 బాట్లిచ్చి, తాచిలెక్ బజారులో కాసేపు తిరిగి, మళ్లీ వంతెన దాటి కొత్త ముద్ర వేయించుకుని, రాత్రికి నిమ్మన్‌లో దిగాల్సి వచ్చేది. పూర్తిగా కొత్త వీసా కావాలంటే లావోస్ రాజధాని వియెన్‌చాన్. కొందరు థాయ్ భాష బడుల్లో చేరి విద్యార్థి వీసా తీసుకున్నారు.

2014 మే నెలలో సైన్యం అధికారం చేపట్టాక, ఇలా సరిహద్దు దాటి ముద్ర వేయించుకొచ్చే వీసా రన్‌ల మీద పట్టు బిగిసింది. అక్టోబరులో ఇమిగ్రేషన్ పోలీసులు నిమ్మన్‌లోని ఒక కో-వర్కింగ్ కేంద్రానికి వచ్చి అక్కడున్న విదేశీయులను తీసుకెళ్లి ప్రశ్నించి, కాగితాలు చూసి వదిలేశారు. కేసులు పెట్టకపోయినా ఆ కబురు ఊరంతా పాకింది. 2015 నవంబరులో ఆరు నెలల బహుళ ప్రవేశ టూరిస్టు వీసా వచ్చింది. 2017లో ఉపాధి చట్టాన్ని తిరగరాసి, 2018లో సవరించినప్పుడు పని నిర్వచనాన్ని వృత్తి చేపట్టడం అన్న అర్థానికి కుదించారు. విదేశీ యజమానికి ఆన్‌లైన్‌లో చేసే పని సంగతి మాత్రం అప్పుడూ తేల్చలేదు.

ఊరికి ఏం ఒరిగిందన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. 2013 జనవరిలో దేశమంతటా కనీస వేతనం రోజుకు 300 బాట్లయింది. క్యాంప్‌లో ఆరుసార్లు వైఫై కోడ్ కొంటే ఆ మొత్తం అయిపోయేది. నిమ్మన్‌లో అద్దెలు పెరిగాయి, పాత ఇళ్లు కాండోలయ్యాయి. దానికి నొమాడ్లను మాత్రమే వేలెత్తి చూపడం సబబు కాదు. 2012 చివర్లో చైనాలో విడుదలై విపరీతంగా ఆడిన లాస్ట్ ఇన్ థాయ్‌లాండ్ సినిమా కొంత ఇక్కడే తీశారు, ఆ తర్వాత చైనా యాత్రికులు తండోపతండాలుగా వచ్చారు. బ్యాంకాక్ పెట్టుబడీ తోడైంది. నొమాడ్ల వంతు వేరే రకం: గది అద్దె, కాఫీ, బండి కిరాయి రూపంలో డబ్బు చిల్లరగా ఊళ్లోకి పారింది, వాళ్ల వృత్తి నైపుణ్యం మాత్రం ఊరివాళ్లకు పెద్దగా అందలేదు. భాష ఒక గోడ, స్థానికులతో కలిసి పనిచేస్తే ఉపాధి చట్టం అడ్డొస్తుందన్న భయం ఇంకో గోడ.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఊరి మీద పొగ కమ్ముకుంటుంది. పోడు నిప్పు, మొక్కజొన్న చొప్ప తగలబెట్టడం, అడవి మంటలు కలిసి లోయలో గాలి ఆడని రోజుల్లో దోయ్ సుతేప్ కొండే కనబడదు. గాలి కాలుష్యంలో ప్రపంచ నగరాల పట్టీలో చియాంగ్ మాయ్ మొదటి స్థానానికి ఎక్కే రోజులు మార్చిలో ఉంటాయి. నొమాడ్లు ఆ మూడు నెలలు కో లాంతా వంటి దక్షిణ దీవులకో, బాలికో, వియత్నాంకో పోతారు. బిడారు వర్తకుల మాదిరే వీళ్ల రాకపోకలకూ రుతువే గంట కొట్టింది. పొగ పీల్చడం మాత్రం ఊరివాళ్ల పాలిట మిగిలింది.

2020 ఏప్రిల్‌లో థాయ్‌లాండ్ విమానాలు ఆపేసింది. చిక్కుకుపోయిన విదేశీయుల వీసాలకు సెప్టెంబరు చివరి దాకా దానంతట అదే గడువు పెరిగింది. బయటి ప్రపంచంలో దూరం నుంచి పని కోట్ల మందికి మామూలైన ఏడాది అది. బార్బడోస్ జూలైలో, ఎస్టోనియా ఆగస్టులో అలాంటివారి కోసమే ప్రత్యేక అనుమతులు తెచ్చాయి. 2022లో పోర్చుగల్, మలేషియా అదే దారి పట్టాయి. నొమాడ్ల రాజధాని ఉన్న దేశం ఈ వరుసలో వెనకబడింది. 2022 సెప్టెంబరులో థాయ్‌లాండ్ తెచ్చిన పదేళ్ల వీసాలో దూరం నుంచి పనిచేసేవాళ్లకు చోటున్నా, ఏడాదికి 80,000 డాలర్ల ఆదాయం ప్రధాన అర్హత. నిమ్మన్ గదుల్లో బతికేవాళ్లకు అది అందని మాట.

అసలు మార్పు 2024 జూలై 15న వచ్చింది. డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా, వాడుకలో డీటీవీ, అయిదేళ్లు చెల్లుతుంది. ఒక్కోసారి 180 రోజులు ఉండవచ్చు, మరో విడత పొడిగించుకోవచ్చు. రుసుము 10,000 బాట్లు, బ్యాంకులో 5 లక్షల బాట్లు చూపాలి, విదేశీ ఉద్యోగమో ఫ్రీలాన్స్ పనో ఉన్నట్టు కాగితాలివ్వాలి. థాయ్ వంట, మువాయ్ థాయ్ బాక్సింగ్ నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకూ ఇదే వీసా. 1978 నాటి చట్టం దాచిపెట్టాల్సిన పనిగా మిగిల్చినదాన్ని దరఖాస్తులోనే రాసి చూపమని అడిగే రోజొచ్చింది. దానితో పాటు పన్నూ వచ్చింది. ఏడాదిలో 180 రోజులు ఉన్నవాళ్లను థాయ్‌లాండ్ పన్ను నివాసిగా లెక్కిస్తుంది. విదేశీ ఆదాయాన్ని సంపాదించిన ఏడాది దాటాక తెచ్చుకుంటే పన్ను లేకపోవడం పాత పద్ధతి. 2024 జనవరి 1 నుంచి ఆ వెసులుబాటు తీసేశారు.

ఈ కథలో ఎక్కువ కాలం భారతీయులు తక్కువగా కనిపించడానికి కారణం నైపుణ్యం కాదు, పాస్‌పోర్టు. యూరోపియన్‌కు ముందస్తు వీసా లేకుండా ముప్పై రోజులు దొరికిన కాలంలో, హైదరాబాదు ఇంజినీరుకు 2,000 బాట్లు కట్టి తీసుకునే పదిహేను రోజుల వీసా ఆన్ అరైవల్ సులువైన దారి. 2023 నవంబరు 10 నుంచి భారతీయులకు ముప్పై రోజులు వీసా అక్కర్లేదన్నారు, 2024 జూలైలో దాన్ని అరవైకి పెంచారు. డీటీవీకీ భారతీయులు అర్హులే. అయినా తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఇంకో గడప మిగిలే ఉంది. విశాఖలోనో తణుకులోనో సొంతింటి నుంచి పనిచేయడానికి ఒప్పుకునే కంపెనీలు సైతం, ఖాతాదారు డేటా భద్రత, రెండు దేశాల పన్నుల చిక్కు చూపి, ఆఫీసు ల్యాప్‌టాప్ దేశం దాటడానికి తరచూ ఒప్పుకోవు. అందువల్ల చియాంగ్ మాయ్‌లో నెలల తరబడి మకాం పెట్టగలిగే తెలుగువాళ్లు ఎక్కువగా ఫ్రీలాన్సర్లు, సొంత చిన్న కంపెనీలున్నవాళ్లు.